మూలన పడ్డ కణాలు

జూన్ 2

సంతకాలు పెట్టి వచ్చాను. ఏడు చోట్ల పెట్టించుకున్నారు. పేరు, చిరునామా, బరువు, ఇదివరకు జరిగిన ఆపరేషన్లు, వయసు. పక్కనే నిలబడిన నర్సమ్మ, "అరవై లోపే కదమ్మా? దాటితే పెద్ద డాక్టరుగారు ఒప్పుకోరు" అంది. యాభై ఎనిమిది అని రాశాను. స్కూలు సర్టిఫికెట్లో ఎంత ఉందో అంతే రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

దొరగారు కూడా అక్కడే ఉన్నారు, కుర్చీలో ముడుచుకుని, ముఖాన నెత్తురు చుక్క లేకుండా. తోడబుట్టిన తమ్ముడే అయినా మూడేళ్లుగా నాకు వాడు దొరగారు. మాటల్లేవు. నేను వయసు రాస్తుంటే తొంగి చూసి, "అక్క వయసు..." అని పెళ్లాంతో ఏదో మొదలుపెట్టాడు. ముసలిదని ఎత్తిపొడుస్తాడు కాబోలు. "మీ ఆయన్ని నోరు మూసుకోమను" అన్నాను మరదలితో. మూసుకున్నాడు. మూడడుగుల దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య ఆ పిల్ల టపా మోస్తోంది. పాపం, అలవాటైపోయింది దానికి.

నేను వచ్చింది మరదలి కోసం. రేపు నాకే అనుమానం రాకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. నెలన్నర కిందట నా గది గుమ్మంలో నిలబడి, "వదినా, మీ తమ్ముడికి ఎముకల్లో మజ్జ పాడైపోయిందట. రక్తం తయారవడం లేదట. తోడబుట్టినవాళ్ల కణాలు కలిస్తే బతుకుతాడట" అని ఏడ్చింది. కాదనడానికి నేనేం రాయినా? పరీక్ష చేశారు. పదికి పది కలిశాయన్నారు. ఒక్క మాట కలవని మాకు కణాలు మాత్రం పదికి పది.

వాడితో మాత్రం మాట్లాడను. తప్పయిందని ముందు వాడు అనాలి.

జూన్ 3

వాణ్ని అద్దం గదిలో పెట్టారు. ఇవాళ్టి నుంచి ఆరు రోజులు మందులు ఎక్కిస్తారట.

నాకు సంగతులు చెప్పింది చిన్న డాక్టరమ్మ. నా వయసులో సగం ఉంటుంది. జేబులో నాలుగు కలాలు, నాలుగూ రాయవు.

"ఎల్లుండి నుంచి మీకు రోజుకు రెండు ఇంజెక్షన్లమ్మా. ఐదో రోజు మీ రక్తంలోంచి మూలకణాలు తీస్తాం" అంది.

"ఏ మూలవి?" అన్నాను.

"అంటే?"

"అదే, ఏ మూలలోంచి తీస్తారని."

ఆవిడ కలం కింద పెట్టి నవ్వింది. మూల అంటే మొదలట, వేరట. మిగతా కణాలన్నీ వాటి నుంచే పుడతాయి కాబట్టి ఆ పేరట. చదువుకున్నవాళ్ల మాట వేరు, మన మాట వేరు. నాకు మూల అనగానే గది మూలే కనిపిస్తుంది.

నవ్వడం అయ్యాక ఆవిడ కాసేపు ఆలోచించింది. "మీరన్నదీ తప్పు కాదమ్మా. ఎముక లోపల వాటికంటూ ఒక మూల ఉంటుంది. చాలావరకు ఏమీ చేయకుండా అక్కడే పడి నిద్రపోతుంటాయి. అవసరం వస్తే ఒకటి లేచి రెండవుతుంది. అందులో ఒకటి రక్తం తయారుచేసే పనిలోకి పోతుంది. రెండోది మళ్లీ వెళ్లి ఆ మూలనే పడుకుంటుంది."

"ఎంతకాలం?"

"మనం ఉన్నంతకాలం."

"ముసలితనంలో కూడా లేస్తాయా?"

"లేస్తాయి. కాకపోతే బద్ధకం. పని కూడా మునుపటంత శుభ్రంగా ఉండదు. అందుకే వయసు అడుగుతాం" అంది.

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

జూన్ 5

రెండు సూదులు. పొట్ట మీద పొడిచారు. నొప్పి లేదు. ఊరికే హడావుడి చేస్తారు.

జూన్ 6

నొప్పి లేదు.

జూన్ 7

ఉంది. నడుము, తుంటి, రొమ్ము ఎముక, అన్నీ లోపలి నుంచి తలుపు బాదుతున్నట్టున్నాయి. చిన్న డాక్టరమ్మకు చెబితే సంతోషపడింది. "మంచిదేనమ్మా, మజ్జ పనిలో పడింది" అంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

పడుకోలేక కూర్చుని రాస్తున్నాను. మూల సంగతి రాసేస్తాను, ఒక పని అయిపోతుంది.

బైండింగు షాపు మా ఇద్దరిదీ. నాన్న పోయాక వాడు అట్టలు కోశాడు, నేను పుస్తకాలు కుట్టాను. ముప్ఫై ఏళ్లు అలాగే గడిచాయి. అచ్చయి వచ్చిన ఫారాలు మడవడం, సూదితో కుట్టడం, జిగురు కాయడం నా వంతు. మైదా జిగురులో మైలుతుత్తం ఎంత వేస్తే పురుగు పట్టదో వాడికి ఈ రోజుకీ తెలియదు. మూడేళ్ల కిందట మిషను కొన్నాడు. అది కుట్టదు. పుస్తకం వీపున వేడి జిగురు పూసి అట్ట అతికించేస్తుంది. గంటకు రెండు వందల పుస్తకాలు. అది బిగించిన రోజున పనివాళ్లందరి ముందూ, "అక్కా, నువ్వింక ఆ మూలన కూర్చో" అన్నాడు. అదీ మాట. పైగా కుర్చీ కూడా తెచ్చి వేశాడు. సూదుల డబ్బా తీసుకుని బయటికి వచ్చేశాను. మూలన పెట్టడానికి నేనేమైనా చీపురునా?

అప్పటి నుంచి నా గదిలో నేను లైబ్రరీల పాత పుస్తకాలు కుట్టుకుంటున్నాను. ఎవరి జోలికీ పోలేదు. బాగానే ఉన్నాను.

జూన్ 8

అద్దం ఇవతల నిలబడి చూశాను. జుట్టు రాలిపోతోంది. అటు తిరిగి పడుకున్నాడు. వీపు ఎంత సన్నబడిందో.

నర్సమ్మ పక్కన నిలబడి, "ఈ రోజుతో మందులు అయిపోయాయమ్మా. ఆయన మజ్జ మొత్తం పోయినట్టే. ఇక తనంతట తాను రక్తం చేసుకోలేరు. రేపు మీరిచ్చేదే ఆధారం" అంది. ఈ ముక్క కాగితాల మీద చదివాను. సంతకం కూడా పెట్టాను. కానీ ఇవాళే బుర్రకెక్కింది. వెనక్కి దారి లేదు.

నాకు అరవై ఒకటి.

రాసేశాను. వీడు పుట్టినప్పుడు నాకు ఆరేళ్లు. అమ్మ షాపులో నాన్నకు సాయం వెళ్లేది, వీణ్ని చూసుకోవడానికి నన్ను ఇంట్లో ఉంచేశారు. వీడు నడిచి, మాటలు నేర్చాక నన్ను బళ్లో వేశారు. తొమ్మిదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో ఎలా కూర్చోబెట్టాలని హెడ్మాస్టరు ఆరేళ్లని రాసుకున్నాడు. ఆ మూడేళ్లూ వీణ్ని చంకనేసుకుని తిరగడంలో పోయాయి. అవి ఏ కాగితంలోనూ లేవు.

ఇప్పుడు చెబితే ఆపేస్తారు. ఆపితే వాడు ఉండడు. కాబట్టి చెప్పకపోవడమే సరైన పని. పరీక్షలన్నీ బాగానే వచ్చాయి కదా. రేపు అంతా సవ్యంగా జరుగుతుంది.

జూన్ 9

జరగలేదు.

పొద్దున్నే రెండు చేతులకూ గొట్టాలు పెట్టారు. ఒక చేతిలోంచి రక్తం మిషన్లోకి వెళ్లి తిరుగుతుంది, కావలసినవి తీసుకుని మిగతాది రెండో చేతిలోకి పంపిస్తుంది. ఐదు గంటలు కదలకూడదు. పెదవులు జివ్వుమంటే కాల్షియం బిళ్లలు నోట్లో వేశారు. ముక్కు దురద పెడితే మరదలే గోకింది. "ఇంకొంచెం ఎడమకు" అని నేనూ, "ఇక్కడా వదినా" అని అదీ. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రం చిన్న డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. ముఖం చూడగానే తెలిసింది. "ఆయన బరువులో కిలోకి ఇరవై లక్షల కణాలైనా ఉండాలమ్మా. నలభై ఉంటే ధైర్యం. ఇవాళ పదిహేను లక్షలే వచ్చాయి." కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "యాభై ఎనిమిదికి ఇంకొంచెం రావాలే" అని గొణుక్కుంది.

మరదలు మందుల షాపుకి వెళ్లింది. గదిలో మేమిద్దరమే.

"నాకు అరవై ఒకటండీ" అన్నాను.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం వచ్చిందని చెవులు చూస్తే తెలిసింది, ఎర్రబడ్డాయి. "ఈ మాట వారం కిందట చెప్పి ఉంటే మీ గుండెకు ఇంకో రెండు పరీక్షలు చేసేవాళ్లం. ఆయన కోసం కాదు, మీ కోసం. మీకేమైనా అయి ఉంటే మేమేం చేయాలి?" అంది. తల దించుకున్నాను. నాన్న ముందు తప్ప ఎవరి ముందూ దించలేదు.

"చెబితే ఆపేసేవారుగా" అన్నాను.

"ఏమో. మిమ్మల్ని చూశాక పెద్ద డాక్టరుగారు ఒప్పుకునేవారేమో. ఆయనకు ఉన్నది మీరొక్కరే కదా."

అడిగి ఉంటే అయిపోయేది. ఈ ముక్క నాకు తట్టనే లేదు. అడగకుండానే కాదంటారని నిర్ణయించేసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

వెంటనే గుండె పరీక్ష చేయించింది. పెద్ద డాక్టరుగారు వచ్చి చదివి, నన్నొకసారి ఎగాదిగా చూసి, సరే అన్నారు. ఆ తర్వాత ఆవిడ స్వరం కొంచెం మెత్తబడింది. "అయినా మీ కణాలు సర్టిఫికెట్ చూసి రాలేదు కదమ్మా. అరవై ఒకటికి ఇది మంచి లెక్కే" అంది. ఇంకో ఇంజెక్షన్ రాసింది. "కొన్ని మొండివి ఉంటాయి. ఎంత పిలిచినా మూల వదలవు. ఆ పట్టు వదిలించడానికి ఇది."

"మా వంశమే అంత" అన్నాను.

నవ్వకూడదనుకుని నవ్వింది.

జూన్ 10

ముప్ఫై లక్షలు. నిన్నటివి కలిపి నలభై ఐదు. రెండు సార్లు అడిగి చెప్పించుకున్నాను.

మధ్యాహ్నమే ఎక్కించారు. ఇటుక రంగు నీళ్లున్న చిన్న సంచీ. గుప్పిట్లో పట్టేంత ఉంది. ఇన్ని ఆర్భాటాలూ ఇందుకా అనిపించింది. చేతి నరంలో ఎక్కిస్తే ఎముకల్లోకి ఎలా పోతాయి, దారి ఎవరు చూపిస్తారు అని అడిగాను. "వాటికే తెలుసమ్మా, తిరిగి తిరిగి ఖాళీగా ఉన్న మూల చూసుకుని కుదురుకుంటాయి" అంది చిన్న డాక్టరమ్మ. "ఎలా తెలుసు" అంటే, "కొంత మాకు తెలుసు, కొంత తెలియదు" అంది. తెలియదని చెప్పే డాక్టర్ని నేను మొదటిసారి చూశాను. ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

అద్దం అవతల వాడు సంచీ వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. చెయ్యి కొంచెం ఎత్తాడు. నేను కళ్లజోడు సర్దుకున్నాను. నేను కూడా ఎత్తాల్సింది.

జూన్ 13

నొప్పులు పోయాయి. చేయడానికి పని లేదు. ఆసుపత్రి పక్కన మరదలూ నేనూ అద్దెకు తీసుకున్న గదిలో కూర్చుని చేతులు చూసుకున్నాను.

వయసులో ఉన్నప్పుడు సూది గుచ్చుకుంటే మర్నాటికి మచ్చ కూడా ఉండేది కాదు. ఇప్పుడు వారం పడుతోంది. కాగితం అంచు కోస్తే పది రోజులు. ఇదంతా నా ఖర్మ అనుకునేదాన్ని. చిన్న డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది, చర్మంలో చర్మానికి, కండలో కండకు, పేగులో పేగుకు ఇలాంటివే ఉంటాయట. పేగు లోపలి పొర వారం తిరక్కుండా కొత్తదవుతుందట. అంటే పోయిన నెల అన్నం అరిగించిన పేగు ఇది కాదు. వయసు మీద పడేకొద్దీ అవీ అలిసిపోతాయి. లేవడానికి ఆలస్యం చేస్తాయి. కానీ లేస్తాయి.

సూది ఎన్ని వేలసార్లు గుచ్చుకుని ఉంటుందో ఈ బొటనవేలికి. ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి, కుట్టి, పోయి పడుకున్నారు. అరవై ఒక్క ఏళ్లలో ఒక్కసారైనా పలకరించిన పాపాన పోలేదు నేను. ఇవాళ రక్తం తీసిన నా మోచేతికి నేనే దండం పెట్టుకున్నాను. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మరదలు నాతో మాటిమాటికీ, "మీ రుణం ఎలా తీర్చుకోవాలి వదినా" అంటోంది. దాని చాదస్తం. మూడేళ్లుగా పొద్దున్న లేస్తే నేను ఎవరికీ అక్కర్లేదనే అనుకున్నాను. బాగానే ఉన్నానని పైన రాశాను, బాగాలేను. ఇంత పెద్ద ఆసుపత్రిలో ఇంతమంది డాక్టర్లు కూర్చుని, ప్రపంచమంతటిలో ఈ ఒక్క ఆడమనిషే కావాలన్నారు. కృతజ్ఞత ఎవరు ఎవరికి చెప్పాలి?

జూన్ 16

తెల్లకణాలు సున్నా. ఇంకా ఇప్పుడే రావట. పది పన్నెండు రోజులు పడుతుందట.

జూన్ 18

సున్నా. నోరంతా పుళ్లు. మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నాడు. అన్నీ నరంలోనే ఎక్కిస్తున్నారు. మరదలు తినడం మానేసింది. కసిరి బ్రెడ్డు తినిపించాను.

జూన్ 20

సున్నా. జ్వరం నూట మూడు.

తప్పయిందని వాడు అనకపోయినా పరవాలేదు.

జూన్ 21

సున్నా.

జూన్ 22

సున్నా. చిన్న డాక్టరమ్మ ఇవాళ నా కళ్లలోకి చూడకుండా మాట్లాడింది. "ఒక్కోసారి ఆలస్యమవుతుందమ్మా" అంది. నా వయసు వల్లనా అని అడగలేకపోయాను. అడిగినా ఆవిడ నిజమే చెబుతుంది.

ముసలి కణాలు. దారి తెలియక ఎక్కడ తిరుగుతున్నాయో. ఏమర్రా, ఇన్నాళ్లు నా దగ్గర పడుకున్నారు, ఒక్క పని చెప్పాను, అది చేసి పెట్టండి.

జూన్ 23

సున్నా.

వరండాలో బెంచీ మీద మరదలూ నేనూ. ఏమీ తోచక అడిగాను. "ఆ రోజు సంతకాల దగ్గర మీ ఆయన ఏదో అనబోయాడు కదే, నా వయసు గురించి. ఏమిటది?"

చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. "ఇంటికెళ్లాక నాతో అన్నారు వదినా. 'అక్క వయసు అది కాదు, ఇంకా ఎక్కువ. ఆమెకేమైనా అయితే నేను బతికీ దండగే, వద్దని చెబుదాం' అన్నారు. నేనే కాళ్లు పట్టుకున్నాను, చెప్పొద్దని."

"నువ్వా?"

"నేనే. మీరు ఏం తిట్టినా పడతాను."

తిట్టలేదు. నేను రాసిన అబద్ధాన్నే అది కూడా మోస్తోంది, ఇన్ని రోజులుగా, ఒక్కతే. దగ్గరికి తీసుకున్నాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బెంచీకి ఆ చివర కూర్చున్న పెద్దాయన లేచి వెళ్లి ఇద్దరికీ టీ తెచ్చి పెట్టాడు. ఆయనెవరో, ఆయనవాళ్లు ఏ గదిలో ఉన్నారో అడగనైనా లేదు. చల్లగా ఉండాలి ఆయన.

ఎగతాళి చేయబోయాడనుకున్నాను నేను. వద్దనబోయాడు వాడు. నోరు మూసుకోమంటే మూసుకున్నాడు. ఆ కుర్చీ వేసిన రోజు కూడా నా వేళ్లు చూసే వేశాడేమో. అప్పటికే వంకర తిరగడం మొదలుపెట్టాయి. మాట తీరు తెలియని వెధవ. నేనూ అంతే.

జూన్ 24

నూట ఇరవై.

పొద్దున్నే వచ్చి చెప్పింది చిన్న డాక్టరమ్మ. సున్నా తర్వాత అంకెలు ఉంటాయన్న సంగతే మరిచిపోయాం. "అప్పుడే సంబరపడకండి, ఐదు వందలు దాటి మూడు రోజులు నిలబడాలి" అంది. ఆవిడ మాత్రం సంబరంగానే ఉంది.

జూన్ 25

మూడు వందల నలభై.

జూన్ 26

ఆరు వందలు. జ్వరం లేదు.

జూన్ 27

పదకొండు వందలు. నావే. అందులో సందేహం లేదట. కొన్నాళ్లకు వాడి రక్తం గ్రూపు కూడా మారి నాది వస్తుందట. అంతేకాదు, ఆ రక్తాన్ని పరీక్షకు పంపితే ఆడమనిషి రక్తమని రిపోర్టు వస్తుందట. మరదలికి నవ్వు ఆగలేదు. "ఇక ఇంట్లో ఆయన పెత్తనం కూడా మీ రక్తానిదే వదినా" అంది.

చిన్న డాక్టరమ్మ చేతులు రెండూ పట్టుకున్నాను. ఏం చెప్పాలో తెలియలేదు. నా సూదుల డబ్బాలోంచి మంచి కలం తీసి ఇచ్చాను, రాసేది. జేబులో ఐదోది చేరింది.

జూన్ 28

ఐదు వందలు దాటి ఇవాళ్టికి మూడు రోజులు. నిలబడింది.

పదకొండింటికి అద్దం దగ్గరికి వెళ్లాను. మరదలు బట్టలు ఉతకడానికి గదికి వెళ్లింది. వాడు కూర్చుని ఉన్నాడు, దిండు ఆనుకుని. తల గుండు. నన్ను చూసి, మంచం పక్కనున్న ఫోను తీశాడు. ఇవతల గోడకు ఉన్న ఫోను మోగింది. టపా మోసేవాళ్లు ఎవరూ లేరు. తీశాను.

క్షమించమంటాడేమో, వద్దులే అనాలి అని నేను మాటలు కూడబలుక్కుంటున్నాను.

"అక్కా" అన్నాడు. గొంతు గీసుకుపోయి ఉంది. "ఆకలేస్తోంది."

ఇరవై రోజుల తర్వాత వాడి నోటి నుంచి వచ్చిన ఆకలి. పేగు కొత్త పొర వేసుకుంటేనే ఆకలి పుడుతుందని చిన్న డాక్టరమ్మ చెప్పింది. అది నా కణాల పని కాదు, వాడివే, వాడి సొంతవే, అంత మందుకూ చావకుండా ఎక్కడో ఒదిగి ఉండి లేచాయి.

"ఏం తింటావురా?" అన్నాను.

"నువ్వేం పెడితే అది."

నర్సమ్మను అడిగాను. ఇంట్లో వండింది పెట్టవచ్చట, బాగా ఉడికించి, వేడి వేడిగా, మూత తీయకుండా తేవాలట. మెట్లు ఎలా దిగానో తెలియదు.

గదిలో స్టవ్ మీద అన్నం ఉంది. ఇంకా మెత్తబడాలి, గొంతులో పుళ్లు పూర్తిగా మానలేదు. మూత ఎగిరిపడుతోంది, వెళ్లి చూడాలి.